స్పెల్లింగ్ పరీక్షలు తయారుచేసేవారికి ఒక టీచరు ఉత్తరం

ఆన్‌లైన్‌లో పిల్లలకు స్పెల్లింగ్ ప్రాక్టీసులు, పరీక్షలు తయారుచేస్తున్నవారికి, వాటిని ఎంపిక చేసి బడుల్లో పెడుతున్న అధికారులకు, యాజమాన్యాలకు నమస్కారం.

నేను ప్రైమరీ టీచర్ని. ఇరవై మూడేళ్లుగా తెలుగు, ఇంగ్లిష్ రెండింటికీ డిక్టేషన్ చెబుతున్నాను, దిద్దుతున్నాను. మీ మీద కోపంతో ఈ ఉత్తరం రాయడం లేదు. నిజం చెప్పాలంటే కంప్యూటర్ వచ్చాక నాకు ప్రాణం కాస్త కుదుటపడింది. నలభై నోటుపుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే ఇరవయ్యో పుస్తకం దగ్గరికి వచ్చేసరికి నా కళ్లే మోసం చేసేవి. ఒకరికి తప్పు పెట్టిన మాటకే ఇంకొకరికి రైటు కొట్టేసిన రోజులున్నాయి. మీ ప్రోగ్రాములకు ఆ అలసట లేదు. ఒకే మాటను పదిసార్లు చెప్పమన్నా విసుక్కోవు. పక్కవాడు నవ్వుతాడని నోరు విప్పని పిల్ల కూడా హెడ్‌ఫోన్ పెట్టుకుని తన మానాన తను తప్పులు చేసుకోగలదు. స్పెల్లింగ్ నేర్చుకునేవాళ్లకు తప్పు చేసే చోటు దొరకడం చిన్న విషయమేం కాదు.

కాబట్టి ఇవి వద్దని నేననను. ఇంకాస్త శ్రద్ధగా చేయమని అడగడానికే రాస్తున్నాను. ఎందుకో ఒక చిన్న సంఘటనతో చెబుతాను.

మూడో తరగతి పాప. ఆ రోజు తెలుగు పదాల పరీక్ష. హెడ్‌ఫోన్‌లో మాట వినాలి, టైపు చేయాలి. 'పెన్సిల్' అని వినిపించింది. పాప 'పెన్సిల్' అని కొట్టింది. ఎర్ర గుర్తు పడింది. పాప మళ్లీ విని మళ్లీ అదే కొట్టింది. మళ్లీ ఎరుపే. అప్పుడు కాసేపు ఆలోచించి 'పెన్శిల్' అని మార్చింది. అదీ తప్పే. తర్వాత 'పెన్సిలు'. తర్వాత 'పెంసిల్'. నేను వెనక నుంచి చూస్తూనే ఉన్నాను, కానీ నాకూ అర్థం కాలేదు. చివరికి ప్రోగ్రామే సరైన జవాబు చూపించింది: 'పెన్సిల్'. పాప తల వెనక్కి తిప్పి, "టీచర్, నేను కూడా అదే రాశాను కదా?" అంది. నిజమే, అక్షరం పొల్లుపోకుండా అదే రాసింది.

ఆ రాత్రి మా అక్క కొడుకుని అడిగాను, వాడికి ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. రెండు జవాబులనూ కాపీ చేసి పంపితే చూసి పడీపడీ నవ్వాడు. తెలుగు టైపు చేసేటప్పుడు పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కంటికి కనబడని గుర్తు ఒకటి చేరుస్తాయట. 'ఇక్కడ అక్షరాలు కలిసిపోకూడదు' అని కంప్యూటర్‌కు చెప్పే గుర్తు అది. 'ఫుట్‌బాల్' అని రాస్తే 'ట' కింద 'బ' ఒత్తు పడకుండా ఆపేది అదే. అక్కడ దాని అవసరం ఉంది. కానీ మాట చివర పొల్లు ఉన్నప్పుడు కూడా అది వచ్చి కూర్చుంటుంది, మనకు కనబడదు. జవాబుల పట్టిక తయారుచేసినవారి కీబోర్డు దాన్ని చేర్చింది, పాప కీబోర్డు చేర్చలేదు. మనకు రెండూ ఒకటే మాట, కంప్యూటర్‌కు వేరువేరు. ఐత్వం గుర్తుతోనూ ఇదే పేచీ ఉందట, దాన్ని ఒకే ముక్కగానూ రెండు ముక్కలుగానూ దాచుకునే వీలు, కంప్యూటర్లలో అక్షరాలకు అంకెలిచ్చే పద్ధతి అయిన యూనికోడ్‌లో ఉంది. జవాబు వెనక పొరపాటున పడ్డ ఖాళీ జాగా సంగతి సరేసరి. సజెషన్ నొక్కితే ఫోనే మాట వెనక ఒక స్పేస్ వేస్తుంది, ఆ స్పేస్ వల్ల మార్కు పోతుంది.

"పోల్చే ముందు రెండిటినీ ఒకే రూపంలోకి తెచ్చి, కనబడనివి తీసేస్తే సరిపోతుంది పిన్నీ, నాలుగు లైన్ల పని" అన్నాడు వాడు. ఆ నాలుగు లైన్లు ఎవరూ రాయలేదు. అందువల్ల ఒక పిల్ల తనకు తెలిసిన మాటను మూడు రకాలుగా చెడగొట్టుకుంది. మార్కు పోతే పోయింది, దాన్ని నేను రిజిస్టర్‌లో సరిచేయగలను. తనకు వచ్చినదాన్ని తనే అనుమానించడం మొదలుపెట్టిందే, దాన్ని సరిచేయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

రెండో సంగతి దీనికి పూర్తిగా తిరగేసి. ఒక అబ్బాయి ఫోన్‌లో రాసిన ఇంగ్లిష్ స్పెల్లింగ్ పరీక్షల్లో వరసగా పదికి పది తెచ్చుకుంటున్నాడు. తెరమీద బంగారు కప్పు, చప్పట్లు, రంగు కాగితాల వాన. క్లాసులో కాగితం మీద అవే పది మాటలు చెబితే నాలుగు వచ్చాయి. ఏమిట్రా అని అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు: "మూడక్షరాలు కొడితే మిగతాది అదే వచ్చేస్తుంది టీచర్."

వాడి తప్పేముంది? పెద్దవాళ్లం మనం రోజంతా చేసేది అదే కదా. పరీక్ష పెట్టినవారు ఫోన్ కీబోర్డు జవాబు అందిస్తుందన్న సంగతి మరిచిపోయారు, అంతే. ఆ గడిలో స్పెల్‌చెక్, ఆటోకరెక్ట్ పనిచేయొద్దని ముందే చెప్పే వీలుందని మావాడు అంటున్నాడు, అయితే అన్ని కీబోర్డులూ ఆ మాట వినవట. అందుకని మీ ప్రోగ్రాములోనే, తెరమీదే, ఒక కీబోర్డు ఇవ్వండి. సజెషన్లు లేని కీబోర్డు.

తెలుగుకైతే ఇది మరీ అవసరం. చాలామంది ఫోన్లలో తెలుగు టైపు చేయడమంటే రోమన్ అక్షరాల్లో కొట్టడమే. పిల్లవాడు ఒత్తు సంగతి పట్టించుకోకుండా ఏదో ఒకటి కొడతాడు, పైన వరసలో 'సందర్భం' అని పద్ధతిగా వచ్చి నిలబడుతుంది, వాడు దాన్ని నొక్కుతాడు. కాగితం మీద వాడు రాసేది 'సంధర్బం'. ద కు ఒత్తు లేదు, భ కు ఉంది అనేదే ఆ మాటలో తెలుసుకోవాల్సింది. అది తెలిసింది ఫోన్‌కు, మార్కు పడింది పిల్లవాడికి. గుణింతాలు, ఒత్తులు విడివిడిగా కనబడే కీబోర్డు ఒకటి ఇచ్చి, దాని మీద రాయమంటే వాడికి వచ్చిందో రాలేదో తేలుతుంది. మొదటి వారం పిల్లలు విసుక్కుంటారు, రెండో వారానికి వేళ్లు అవే వెతుక్కుంటాయి.

ఇక మాట వినిపించడం గురించి. యంత్రం మాట చెబితే పిల్లవాడు అక్షరాలు నొక్కడం కొత్తేమీ కాదు. 1978లోనే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు 'స్పీక్ అండ్ స్పెల్' అనే బొమ్మ తెచ్చారు. మనిషి గొంతును ఒక చిన్న చిప్పు పలికించడం అప్పట్లో పెద్ద వింత. ఇన్నేళ్ల తర్వాత కూడా కొన్ని ప్రోగ్రాముల్లో తెలుగు గొంతు వింటే నాకు దిగులేస్తుంది. 'ల'కీ 'ళ'కీ తేడా లేకుండా చదువుతుంది. 'శ', 'ష', 'స' మూడూ ఒకటే బుస. వినబడని తేడాను పిల్లవాడు ఎలా రాస్తాడు? గొంతులో తేడా లేనప్పుడు అది వినికిడి పరీక్ష కూడా కాదు, ఊహించుకునే పరీక్ష. దయచేసి తెలుగు మాటలను మంచి ఉచ్చారణ ఉన్న మనిషితో చదివించి రికార్డు చేయండి. ఐదారు వందల మాటలైనా సరే, పక్కాగా ఉంటే చాలు.

ఇంగ్లిష్‌లో చిక్కు వేరు. 'రైట్' అని ఒక్క మాట వినిపించి ఊరుకుంటే పిల్లవాడు ఏది రాయాలి? కుడివైపు అనే రైటా, రాయడం అనే రైటా? డిక్టేషన్ చెప్పే ఏ టీచరైనా మాట చెబుతుంది, దాన్ని ఒక వాక్యంలో పెట్టి చెబుతుంది, మళ్లీ మాట చెబుతుంది. అమెరికాలో 1925 నుంచి జరుగుతున్న జాతీయ స్పెల్లింగ్ బీ పోటీలో కూడా వేదికెక్కిన పిల్లలు మాటకు అర్థం అడగొచ్చు, వాక్యంలో వాడి చూపించమనొచ్చు, అది ఏ భాష నుంచి వచ్చిందో కూడా అడగొచ్చు. దేశంలోనే ఆరితేరినవారికి ఉన్న ఆ వెసులుబాటు మా మూడో తరగతి పిల్లలకు ఎందుకు లేదు? వాక్యం వినిపించే బటన్ ఒకటి పెట్టండి. అది నొక్కినందుకు మార్కు తగ్గించకండి (తగ్గించే ప్రోగ్రామును కూడా చూశాను).

ఇప్పటిదాకా చెప్పినవి మరమ్మతు పనులు. చేస్తే నెలలో అయిపోతాయి. నేను అసలు అడగదలుచుకున్నది వేరే ఉంది.

'విద్యార్థి' అనే మాట చెప్పాను. నలుగురు పిల్లలు నాలుగు రకాలుగా రాశారు. ఒకడు 'విద్యార్ధి' అన్నాడు. ఒకమ్మాయి 'విద్యార్ది' అంది. ఇంకొకడు 'విధ్యార్థి'. మరొకమ్మాయి 'విద్యర్థి'. మీ ప్రోగ్రాము నలుగురికీ ఒకటే ఏడుపు ముఖం చూపించి, 'తప్పు! మళ్లీ ప్రయత్నించండి' అంది. కానీ ఆ నలుగురూ నాలుగు వేరువేరు చోట్ల ఉన్నారు. మొదటివాడికి అక్కడ ఒత్తక్షరం ఉందని తెలుసు, థ కీ ధ కీ మధ్య తడబడ్డాడు. థ పొట్టలో చుక్క ఉంటుందిరా అని ఒక్క మాట చెబితే చాలు. రెండో అమ్మాయి ఒత్తక్షరమే వినలేదు, ఆమెతో గట్టిగా పలికించాలి, నోటి ముందు అరచెయ్యి పెట్టుకోమని చెప్పి గాలి తగులుతుందేమో చూడమనాలి. మూడోవాడికి ఈ మధ్యే ఒత్తక్షరాలు వచ్చాయి, ఆ ఉత్సాహంలో ఉన్నచోటా లేనిచోటా పెట్టేస్తున్నాడు. వాణ్ని తిట్టకూడదు, నేర్చుకుంటున్న గుర్తు అది. నాలుగో అమ్మాయికి ఒత్తులన్నీ సరిగ్గా వచ్చాయి, దీర్ఘం జారిపోయింది. బహుశా తొందర. ఆమెకు పాఠం అక్కర్లేదు, ఒకసారి చదువుకో అంటే తనే దిద్దుకుంటుంది.

ఇవన్నీ నేను తెలివైనదాన్ని కాబట్టి కనిపెట్టినవి కావు. డిక్టేషన్ దిద్దే ఎవరికైనా తెలుస్తాయి. తప్పులో ఎక్కడ ఏ అక్షరం మారిందో యంత్రం నాకంటే త్వరగా పట్టుకోగలదు కూడా. రెండు మాటలను పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చడం దానికి చిటికెలో పని. అయినా ఆ పని దానికి చెప్పడం లేదు. రైటా తప్పా అని మాత్రం అడిగి వదిలేస్తున్నారు.

ఇంగ్లిష్‌లోనూ అంతే. 'నెసెసరీ'లో ఒక సి, రెండు ఎస్‌లు. రెండు సి లు, ఒక ఎస్ రాసినవాడికి అక్కడేదో జంట ఉందని గుర్తుంది, ఏది జంటో మరిచాడు. సి అన్నదే లేకుండా రాసినవాడు చెవితో విన్నది రాశాడు. వీళ్లిద్దరికీ ఒకటే సున్నా వేస్తే, ఒకడికి సగం వచ్చిందన్న సంగతి వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

చెవితో విన్నది రాసినవాణ్ని మొద్దు అనుకునేవారికి ఒక ముచ్చట. 1966లో స్టాన్‌ఫర్డ్‌లో పాల్ హన్నా బృందం 17 వేలకు పైగా ఇంగ్లిష్ పదాలు తీసుకుని, శబ్దం నుంచి స్పెల్లింగ్ రాబట్టే సూత్రాలు తయారుచేసి కంప్యూటర్‌కు ఇచ్చింది. అన్ని సూత్రాలూ కంఠతా వచ్చిన ఆ కంప్యూటర్ పూర్తిగా సరిగ్గా రాసింది దాదాపు సగం పదాలే. ఇంకో మూడో వంతుకు పైగా పదాల్లో ఒక్క తప్పు చేసింది. అంటే యంత్రానికే డిక్టేషన్ పెడితే యాభై మార్కులు వచ్చాయన్నమాట. ఆ పరీక్షను మీ ప్రోగ్రాముల్లో దిద్ది ఉంటే ఆ ఒక్క తప్పు పదాలన్నిటికీ ఏడుపు ముఖమే వచ్చేది. పరిశోధకులు మాత్రం ఒక్క తప్పు పదాలను విడిగా లెక్కపెట్టారు, ఎందుకంటే వాళ్లకు కావలసిన సంగతి అక్కడే ఉంది.

శబ్దం ఇవ్వలేని చోట కథ సాయం చేస్తుంది. అప్పు అనే అర్థమున్న 'డెట్'లో పలకని బి ఎందుకుందని పిల్లలు అడుగుతారు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దానికి బి లేదు, లాటిన్‌లో 'డెబిటుమ్' అని ఉంది కదా అని తర్వాతి పండితులు తెచ్చి ఇరికించారు. 'ఐలండ్'లో ఎస్ కూడా అలా వచ్చిందే. ఆ మాటకు లాటిన్ 'ఇన్సులా'తో చుట్టరికమే లేదు, ఉందనుకుని ఎస్ తగిలించారు. ఈ రెండు కథలు చెప్పాక మా క్లాసులో ఆ రెండు మాటలు తప్పు రాసినవాళ్లు చాలా తగ్గారు. ఎవరో పెద్దవాళ్లు పొరపాటు చేశారంటే పిల్లలకు అంత సంతోషం. తప్పు రాసిన మాట కింద ఇలాంటి రెండు వాక్యాలు కనబడేట్టు చేయలేరా? వాన చుక్కల్లా రంగు కాగితాలు రాల్చడం కంటే ఇది తేలికే అనుకుంటాను.

నాలుగు స్పెల్లింగులు ఇచ్చి సరైనది ఎంచుకోమనే పరీక్షలు నాకు అసలు నచ్చవు. దిద్దడం సులువు కాబట్టి అందరూ అవే పెడుతున్నారు. ఒక సరైన రూపం చూపించడానికి మూడు తప్పుడు రూపాలు పిల్లల కళ్లముందు పెడుతున్నాం. 1990లో జాకోబీ, హాలింగ్స్‌హెడ్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్నే పరీక్షించి చూశారు. తప్పు స్పెల్లింగులు చదివినవారు తర్వాత అవే మాటలు రాయడంలో ఎక్కువ తప్పులు చేశారు. అదీ చిన్నపిల్లలు కాదు, కాలేజీ విద్యార్థులు. నాకు దీనికి పరిశోధన అక్కర్లేదు, నా బతుకే సాక్ష్యం. ఇన్నేళ్లు 'ఉచ్ఛారణ' అని రాసిన పుస్తకాలు దిద్దీ దిద్దీ, ఈ ఉత్తరంలో పైన 'ఉచ్చారణ' అని రాసేటప్పుడు కూడా ఒక క్షణం చెయ్యి ఆగింది. మాట విని మొత్తం తనే రాసే పరీక్షే స్పెల్లింగ్‌కు పరీక్ష. ఖాళీలు నింపడం కూడా పరవాలేదు. ఎంచుకోవడం వద్దు.

ఒకటికి మించి సరైన రూపాలున్న మాటల సంగతి కూడా చూడండి. 'వెళ్ళాడు', 'వెళ్లాడు' రెండూ రోజూ అచ్చులో కనబడేవే. 'తరువాత', 'తర్వాత' కూడా అంతే. మీ పట్టికలో ఒకటే ఉంటుంది, రెండోది రాసినవాడికి ఎర్ర గుర్తు. ఇంగ్లిష్‌లో 'కలర్' అనే మాటను యు తో రాయాలా, లేకుండా రాయాలా అన్నది బ్రిటిష్, అమెరికన్ పద్ధతుల తేడా. నోవా వెబ్‌స్టర్ 1828 నాటి తన నిఘంటువులో యు తీసేసిన రూపాన్ని ఇచ్చి అమెరికాలో స్థిరపరిచాడు. మా పాఠ్యపుస్తకంలో యు ఉంది, మీ ప్రోగ్రాములో లేదు. పిల్లవాడు పుస్తకాన్ని నమ్మాలా, తెరను నమ్మాలా? రెండిటికీ రైటు ఇచ్చి, 'మీ పుస్తకంలో ఇలా ఉంటుంది' అని పక్కన చూపిస్తే గొడవ ఉండదు.

ఇప్పుడు కాలం గురించి. సోమవారం పది మాటలు, శుక్రవారం పరీక్ష, మళ్లీ సోమవారం కొత్త పది. మేము కాగితం మీద చేసిన పొరపాటునే మీరు తెరమీదికి ఎక్కించారు. ఇందులో తప్పు మొదట మాదే. మాకు ఏ పిల్లవాడు ఏ మాట ఎప్పుడు తప్పు రాశాడో గుర్తుపెట్టుకోవడం అసాధ్యం, అందుకని అందరికీ ఒకే పది, ఒకే శుక్రవారం. మీకు అది అసాధ్యం కాదు కదా. నేర్చుకున్నది ఎంత త్వరగా జారిపోతుందో, విడతలు విడతలుగా మళ్లీ చూసుకుంటే ఎలా నిలుస్తుందో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తనే ప్రయోగం చేసుకుని రాశాడు. 1970లలో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత దానికి అట్టపెట్టె ఉపాయం చెప్పాడు: సరిగ్గా వచ్చిన చీటీ వెనక గదిలోకి వెళ్తుంది, దాన్ని ఆలస్యంగా తీస్తారు. తప్పు వచ్చిన చీటీ మొదటి గదికి తిరిగొస్తుంది. నేను ఒక ఏడాది ఖాళీ చెప్పుల డబ్బాలతో ఇది చేసి చూశాను. పన్నెండు మందికి చేసేసరికి నా బల్ల మీద కూర్చోవడానికి చోటు లేకుండా పోయింది. మీ యంత్రానికి ఆ ఇబ్బంది లేదు. ఈ వారం 'శ్రద్ధ' తప్పు రాసిన పిల్లకు మూడు రోజుల తర్వాత, వారం తర్వాత, నెల తర్వాత చెప్పాపెట్టకుండా మళ్లీ 'శ్రద్ధ' అడగండి. మొదటిసారే సరిగ్గా రాసినవాణ్ని దాంతో విసిగించకండి.

పరీక్ష అనగానే టెన్షన్ పెట్టేది అని అందరూ అనుకుంటారు. గుర్తుకు తెచ్చుకుని రాయడమే నేర్పుతుంది, మళ్లీ మళ్లీ చదవడం కంటే ఎక్కువ రోజులు నిలుపుతుంది అని రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ప్రయోగం చేసి చూపించారు. అందుకని పరీక్షలు ఎన్నైనా పెట్టండి, మార్కులే అన్నిటికీ వేయొద్దు. చిన్నవి, లెక్కలోకి రానివి, రోజూ నాలుగు మాటలు.

గడియారం, ర్యాంకుల పట్టిక, ఎన్ని రోజులు వరసగా ఆడారన్న లెక్క, వీటి గురించి ఎక్కువ చెప్పను. పక్కన సెకన్లు తగ్గుతుంటే తెలిసేది వేళ్ల వేగం. చదవడం, స్పెల్లింగ్ కష్టమయ్యే డిస్‌లెక్సియా ఉన్న పిల్లలకు ఆ గడియారం శిక్ష. ర్యాంకుల పట్టిక అడుగున ప్రతి వారం అదే మూడు పేర్లు ఉంటాయి, ఆ మూడు పేర్లు ఎవరివో క్లాసుకంతా తెలుసు. ఇవన్నీ ఆపేసే వీలు టీచరు చేతిలో ఉంచండి.

అధికారులకు, యాజమాన్యాలకు ఒక విన్నపం. ప్రోగ్రాము చూపించడానికి వచ్చినవారు పెద్ద తెర మీద అన్నీ సరైన జవాబులే కొట్టి చూపిస్తారు. సరైన జవాబుకు ఏ ప్రోగ్రామైనా బాగానే ఉంటుంది. మీరు కుర్చీలో కూర్చుని కావాలని పది మాటలు తప్పు రాయండి, పదీ పది రకాలుగా. దీర్ఘం తీసేయండి, ఒత్తు మార్చండి, చివర ఒక స్పేస్ వేయండి. పదింటికీ అది ఏమంటుందో చూడండి. అన్నిటికీ ఒకటే మాట అంటే ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఆగండి. తర్వాత ఒక పిల్లను కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా అరగంట పక్కనే ఉండండి. ఆ అరగంటలో తెలిసేది ఏ ప్రకటన పత్రంలోనూ ఉండదు.

టీచర్లకు వచ్చే రిపోర్టు కూడా ఒకసారి తెరిచి చూడండి. నా దగ్గరికి వచ్చేది పేర్లు, పక్కన పదికి ఎన్నో అంకె, ఒక రంగుల బొమ్మ. దాంతో మరునాడు నేను క్లాసులో చేయగలిగింది ఏమీ లేదు. 'ఈ వారం సగం మంది థ బదులు ధ రాశారు, ఆరుగురు దీర్ఘాలు వదిలేశారు, ఇద్దరికి సున్నా ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు' అని ఒక్క ముక్క పంపితే పొద్దున్నే నల్లబల్ల మీద ఏం రాయాలో నాకు తెలిసిపోతుంది. పదాల పట్టికలో నా సొంత మాటలు చేర్చుకునే వీలు కూడా కావాలి. ఆ వారం పాఠంలో వచ్చిన మాట అడిగితేనే పిల్లలకు అది పరీక్షలా కాక తమ మాటలా అనిపిస్తుంది. పిల్లల పేర్లు, గొంతులు, మార్కులు మీ దగ్గర ఎంతకాలం ఉంటాయో, ఎవరు చూస్తారో కూడా రాసి ఇవ్వండి. దీన్ని అడిగితే చాలామంది మొహమొహాలు చూసుకుంటున్నారు.

కాగితాన్ని మాత్రం పూర్తిగా తీసేయకండి. చేత్తో రాస్తేనే స్పెల్లింగ్ బాగా వస్తుందని 1990లో కనింగ్‌హామ్, స్టానోవిచ్ అనే పరిశోధకులు ఒకటో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనంలో తేలింది, ఆ తర్వాత చేసినవారికి అందరికీ అదే ఫలితం రాలేదు. కాబట్టి దాని మీద నేను ఒట్టేసి చెప్పను. మా క్లాసులో మాత్రం ముందు నోటుపుస్తకంలో రాసి, తర్వాత చూడకుండా టైపు చేయమంటున్నాను. రెండు చోట్లా ఒకే తప్పు వస్తే అది తెలియని తప్పు. ఒక్క చోటే వస్తే చెయ్యి జారిన తప్పు. ఈ తేడా పట్టుకునే ప్రోగ్రాము నాకు ఇంకా కనబడలేదు.

పెన్సిల్ పాప సంగతి చెప్పి ముగిస్తాను. ఆ పట్టికలో మాట సరిచేయమని రెండుసార్లు రాశాను. 'మీ సూచనకు ధన్యవాదాలు' అని రెండుసార్లూ వెంటనే జవాబు వచ్చింది, అదీ యంత్రం రాసిందే. మాట ఇప్పటికీ అలాగే ఉంది. ఆ ప్రశ్న రాగానే మా పిల్లలంతా ఒకరినొకరు చూసుకుని నవ్వి, ఏదో ఒకటి కొట్టి ముందుకు పోతున్నారు.

నా దగ్గర ఒక పాత లాంగ్ నోటుపుస్తకం ఉంది. పిల్లలు రాసిన తప్పులను ఏళ్ల తరబడి అందులో ఎక్కించుకున్నాను: ఏ మాట, ఏమని రాశారు, ఏం చెబితే సరిదిద్దుకున్నారు. పేర్లు లేవు, మాటలే. థ, ధ ల తప్పులకే పదకొండు పేజీలున్నాయి. మీలో ఎవరికైనా పనికొస్తుందనుకుంటే చెప్పండి, జిరాక్స్ తీయించి పంపుతాను.

ఇట్లు,
ఒక ప్రైమరీ టీచరు